కుర్చీని వెనక నుంచి చూడండి

పోయిన సంచికలో కుర్చీల వీపు డిజైన్ల మీద ప్రశ్నలు పంపమన్నాం. పేము అల్లిక, చెక్కడం పని, వదులైన కీళ్ళు: ఎక్కువ ఉత్తరాలు ఈ మూడింటి చుట్టూనే తిరిగాయి. ఒకే రకం ప్రశ్నలని కలిపి జవాబులిస్తున్నాం. కొలతలు అంగుళాల్లోనే చెప్పాం. మేస్త్రితో మాట్లాడేటప్పుడు అదే సులువు.

ప్రశ్న: మాది హాలు, డైనింగు కలిసిన ఫ్లాటు. ఆరు కుర్చీల టేబుల్ చేయిస్తున్నాం. మేస్త్రి నాలుగు అడుగుల ఎత్తు వీపు, దాని నిండా లతలూ నెమళ్ళూ చెక్కిన డిజైన్ చూపిస్తున్నాడు. ఘనంగానే ఉంది కానీ ఎందుకో మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు? (విజయవాడ పాఠకురాలు)

మీ అనుమానం నిజమే. డైనింగు కుర్చీలో మనుషులు కూర్చునేది రోజుకి గంటో, గంటన్నరో. మిగతా పొద్దంతా అది టేబుల్ కిందకి తోసేసి ఉంటుంది. అప్పుడు సోఫాలో కూర్చున్నవాళ్ళకి కనబడేది కుర్చీ ముందు వైపు కాదు, వెనక వైపు. కొనేటప్పుడేమో అందరం ముందు వైపే చూస్తాం. అందుకే మేస్త్రి చేత ముందు ఒక్క కుర్చీ చేయించండి. దాన్ని మీ హాల్లో పెట్టి, వెనక్కి తిప్పి చూడండి. చెక్కడమంతా ముందు వైపు ఉండి, వెనక ఉలి గాట్లు, ప్లైవుడ్ ముక్క, సగం సగం పాలిష్ ఉంటే ఆ డిజైన్ మీ ఇంటికి కాదు. గోడకి ఆనించి వేసుకునే కుర్చీకైతే సరిపోతుంది.

ఇక ఎత్తు. టేబుల్ 30 అంగుళాలు, కూర్చునే పలక 18 అంగుళాలు ఉంటుంది. వీపు కొస నేల నుంచి 36 లేదా 38 అంగుళాల దగ్గర ఆగితే టేబుల్ కంటే ఆరు నుంచి ఎనిమిది అంగుళాలే పైకి కనబడుతుంది, అవతలి కిటికీకి అడ్డు రాదు. 42 దాటితే హాలుకీ డైనింగుకీ మధ్య అడ్డుగోడ లేచినట్టే. కొందరు ఆ అడ్డు కావాలనే పెట్టారు. స్కాట్లండ్ ఆర్కిటెక్ట్ చార్లెస్ రెన్నీ మాకింటాష్ 1898 ప్రాంతంలో గ్లాస్గోలోని ఒక టీ హోటల్‌కి దాదాపు నాలుగున్నర అడుగుల ఎత్తు వీపుతో కుర్చీలు చేశాడు. పెద్ద హాల్లో ఒక్కో టేబుల్ చుట్టూ చిన్న గది ఉన్నట్టు అనిపించాలని ఆయన ఆలోచన. అక్కడ ఆ ఎత్తుకి పని ఉంది. మీది 12 అడుగుల వెడల్పు హాలు అయితే ఆ ఎత్తు వల్ల వెలుతురు తగ్గడం తప్ప ఒరిగేదేమీ లేదు.

నెమళ్ళ సంగతి. ఒక్క కుర్చీ మీద నెమలి చూడముచ్చటగా ఉంటుంది. ఆరు కుర్చీల మీద ఆరు నెమళ్ళు బారులు తీరితే ఏదీ కంటికి ఆనదు. టేబుల్ రెండు కొసల్లో వేసే కుర్చీలకి మాత్రం చెక్కడం పెట్టించి, పక్కల వేసే నాలిగింటికీ అదే ఆకారాన్ని సాదాగా చేయించండి. ఖర్చూ తగ్గుతుంది. కొస కుర్చీలకి చేతులు పెట్టిస్తే, అవి టేబుల్ పలక కింది పట్టీకి తగలకుండా లోపలికి వెళ్తున్నాయో లేదో ముందే కొలిపించండి. ఈ ఒక్క కొలత మరిచిపోవడం వల్ల ఎప్పటికీ బయటే నిలబడిపోయే కుర్చీలు చాలా ఇళ్ళలో ఉన్నాయి.

చెక్కడం ఎక్కడ ఉండాలన్నది కూడా ముఖ్యమే. కూర్చునే పలక నుంచి ఆరు అంగుళాలు మొదలు పది అంగుళాల ఎత్తు దాకా నడుము ఆనుతుంది. అక్కడ చెక్కితే పావుగంటలో గుచ్చుకోవడం మొదలవుతుంది. పై అడ్డపట్టీ మీదే చెక్కించండి. వీపు నిటారుగా వద్దు. పలక నుంచి 18 అంగుళాల పైకి వెళ్ళేసరికి మూడు అంగుళాలు వెనక్కి వాలాలి. టేబుల్ అంచుకీ గోడకీ మధ్య 36 అంగుళాలు వదలండి. కూర్చున్నవాళ్ళ వెనక నుంచి మనిషి నడవాలంటే 42 కావాలి.

ప్రశ్న: పాత టేకు కుర్చీలు నాలుగున్నాయి. వీపులో పేము అల్లిక చిరిగిపోయింది. చట్రం చుట్టూ సన్నని గాడి ఉంది, అందులో ఏదో బద్ద బిగించి ఉంది. కొత్త అల్లిక వేసి చుట్టూ చిన్న మేకులు కొడతానంటున్నాడు ఒకాయన. ఇది ఇంట్లో చేసుకోదగ్గ పనేనా? (రాజమహేంద్రవరం పాఠకుడు)

మేకులు మాత్రం కొట్టనివ్వకండి. పేము ఎండేటప్పుడు బిగుసుకుంటుంది. ఆ లాగుడంతా మేకు ఉన్న చోటే పడి, అక్కడి పేము ముందుగా చీలుతుంది. గాడిలో బిగిస్తే ఆ లాగుడు చట్రం చుట్టూ సమానంగా పరుచుకుంటుంది. మీ కుర్చీలకి గాడి ఉంది కాబట్టి అవి మిషన్ మీద నేసిన పేము తాను కోసం చేసినవే. ఓపిక ఉంటే ఇంట్లో చేసుకోవచ్చు. గాడికి బదులు చట్రం చుట్టూ అరంగుళానికొకటి చొప్పున చిల్లులు ఉన్నాయనుకోండి, అది చేత్తో అల్లేది. నిలువు, అడ్డం, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం, తర్వాత రెండు ఐమూలలు, చివర అంచు కట్టు: ఏడు దశలు. ఆ పని తెలిసినవాళ్ళకే ఇవ్వాలి.

ముందు లెక్క. గాడి నుంచి గాడికి 16 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు అనుకుందాం. అన్ని వైపులా అంగుళంపావు అదనం కావాలి. కాబట్టి ఒక్కో ముక్క పద్దెనిమిదిన్నర బై పద్నాలుగున్నర. 24 అంగుళాల పన్నా తాను అయితే నాలుగు ముక్కలకీ 58 అంగుళాలు, అంటే ఐదడుగులు చాలు. 36 పన్నా కొంటే మెలిక ఉంది. పద్దెనిమిదిన్నర రెండుసార్లు 37, ఒక్క అంగుళం తక్కువొస్తుంది. అప్పుడు ముక్కని అడ్డం తిప్పి కోయాలి: పద్నాలుగున్నర రెండుసార్లు 29, పొడవు 37 అంగుళాలు. మామూలు ఎనిమిది మూలల గళ్ళ అల్లిక తిప్పినా తేడా తెలియదు. కానీ నాలుగు కుర్చీలకీ ఒకే దిశలో కోయండి. గాడిలో బిగించే బద్ద ఒక్కో కుర్చీకి ఐదడుగులు, మొత్తం 20 అడుగులు. దాని మందం గాడి వెడల్పు కంటే ఒక మిల్లీమీటరు తక్కువ ఉండాలి. ఎందుకంటే గాడిలో దాని పక్కనే పేము కూడా కూర్చోవాలి. అంగడికి పాత బద్ద ముక్క ఒకటి పట్టుకెళ్ళడం మంచిది.

పాత బద్ద ఊడదీయడమే ఇందులో కష్టమైన భాగం. బద్దకి రెండు పక్కలా కట్టర్‌తో గీత గీయండి. గాడి కన్నా సన్నని ఉలిని బద్ద మధ్యలో పెట్టి లేపండి, చట్రం అంచుకి ఆనించి మీటొద్దు. మీటితే అంచు చెక్క పెచ్చులూడుతుంది, కొత్త బద్ద వేశాక కూడా ఆ గాయం కనబడుతుంది. జిగురు గట్టిపడి రాకపోతే వెనిగర్‌ని వేడి చేసి దూదితో అద్ది ఇరవై నిమిషాలు ఆగండి. గాడి అడుగున పాత జిగురు రవ్వ కూడా మిగలకూడదు. అది లోతుని తగ్గిస్తుంది, బద్ద పైకి తేలుతుంది.

పేము ముక్కని గోరువెచ్చని నీళ్ళలో ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా నాననివ్వండి. మరిగే నీళ్ళు వద్దు, రాత్రంతా నానబెట్టడమూ వద్దు. రంగు మారుతుంది, నార మెత్తబడిపోతుంది. తీసి దులిపి, నిగనిగలాడే వైపు పైకి పెట్టి చట్రం మీద పరవండి. ఇక్కడ తొందరపడకండి. అల్లికలోని ఒక నిలువు గీతని చట్రం నడిమధ్యకి తెచ్చి, గీత పైపట్టీకి లంబంగా ఉందో లేదో మూలమట్టంతో చూడండి. పావు అంగుళం వాలినా గళ్ళు వాలినట్టు దూరం నుంచే తెలిసిపోతుంది, వీపు కాబట్టి అది నిలబడి ఎదురుగానే కనబడుతుంది.

పై గాడి మధ్యలో పేముని ఒక చెక్క చీలతో లోపలికి దించి ఆ చీలని అలాగే వదిలేయండి. తర్వాత కింద మధ్యలో కాస్త లాగి ఇంకో చీల. అలాగే ఎడమ, కుడి. మధ్య నుంచి మూలలకి జరుగుతూ గాడి చుట్టూ దించండి. గట్టిగా లాగక్కర్లేదు, ముడత లేకుండా ఉంటే చాలు. ఎండితే అదే బిగుస్తుంది. తడిలో డప్పులా బిగించినవాళ్ళవే ఎండాక తెగుతాయి. చట్రం సన్నగా ఉంటే ఆ బిగువుకి అదే వంగిపోవచ్చు కూడా.

గాడిలో దిగిన పేముని గాడి బయటి అంచు పైభాగానికి కాస్త కిందనే ఉలితో కోసేయాలి. పైకి వదిలితే బద్ద పక్కన కుచ్చులా కనబడుతుంది. తర్వాత చీలలు తీసి గాడిలో ఫెవికాల్ సన్నని ధారగా పోసి, పది నిమిషాలు నానబెట్టిన బద్దని సన్నని అంచు కిందకి ఉండేట్టు పెట్టి చెక్క సుత్తితో తట్టుతూ రండి. ఇనుప సుత్తి అయితే మధ్యలో చెక్కముక్క అడ్డం పెట్టండి. మూలలు గుండ్రంగా ఉంటే బద్ద ఒకటే ముక్కగా తిరుగుతుంది, కొసలు రెండూ కింది పట్టీ మధ్యలో కలపండి. మూలలు పదునుగా ఉంటే నాలుగు ముక్కలు చేసి, కొసలు ఏటవాలుగా కోసి కలపాలి. కారిన జిగురుని అప్పుడే తడిబట్టతో తుడవండి. ఎండిన జిగురు మీద పాలిష్ ఎక్కదు, తెల్లమచ్చ మిగులుతుంది.

రెండు రోజులు నీడలో వదిలేయండి. అప్పటిదాకా ఎవరూ వీపు ఆనించకూడదు. రేగిన నారల్ని కత్తిరించండి, మంటతో కాల్చొద్దు.

ఒక జాగ్రత్త: వీపు పక్కల నుంచి మాత్రమే వంపు తిరిగి ఉంటే ఈ పద్ధతి పనిచేస్తుంది. పై నుంచి కిందకి కూడా వంపు ఉంటే మిషన్ అల్లిక ఆ గుంతలో కూర్చోదు, ముడత పడుతుంది. దానికి చేతి అల్లికే గతి.

ప్రశ్న: ఏడాది కింద కొన్న కుర్చీల పేము వీపు జారిపోయింది, ఒకచోట బద్దలు పుటుక్కుమంటున్నాయి. ఏసీ గది. దుకాణంవాళ్ళు వార్నిష్ వేయమంటున్నారు. (హైదరాబాద్ పాఠకురాలు)

వార్నిష్ వద్దు. పేముకి గాలిలోని తేమ కాస్త కాస్త అందుతూ ఉండాలి. ఏసీలో అసలే ఆరిపోతుంది, పైన మందంగా పూత పడితే తేమ లోపలికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. పెళుసెక్కి విరుగుతుంది. దానికి బదులు కుర్చీని తిప్పి, వెనక వైపు నుంచి, అంటే నిగనిగ లేని వైపు నుంచి, తడి స్పాంజితో బాగా తడపండి. ముందు వైపు మెరిసే పొర నీళ్ళని పీల్చదు. అరగంట ఆగి మళ్ళీ తడిపి, రాత్రంతా ఫ్యాను గాలికి వదలండి. జారినది చాలావరకు బిగుస్తుంది. ఏసీ గదిలో రెండు నెలలకోసారి ఇలా చేయొచ్చు.

ఎంత తడిపినా రంగు ముదరకపోతే, బిగుసుకోకపోతే అది పేము కాదు, ప్లాస్టిక్ అల్లిక. దానికి ఈ వైద్యం పట్టదు. తెగిన బద్దల్నీ అతికించలేం. మూడు, నాలుగు తెగేదాకా ఆగి, మొత్తం మార్చేయండి.

ప్రశ్న: మా డైనింగు కుర్చీల వీపు ఊగుతోంది. రెండుసార్లు మేకులు కొట్టించాం, ఇనుప మూలపట్టీలు వేయించాం. మళ్ళీ అదే తంతు. (కరీంనగర్ పాఠకుడు)

వీపు ఎంత అందంగా ఉన్నా దాన్ని మోసేది పలక దగ్గరున్న కీలే. మనిషి వెనక్కి చేరగిలబడితే బరువంతా వెనక కోళ్ళకీ (కుర్చీ కాళ్ళకీ) పక్క పట్టీకీ మధ్య ఉన్న ఆ చిన్న అతుకు మీద పడుతుంది. ముందు కోళ్ళు లేపి ఊగే అలవాటున్న పిల్లలుంటే చెప్పక్కర్లేదు. మేకు కొడితే బెజ్జంలో దిగిన పట్టీ కొస, అంటే నాలుక, చీలుతుంది. మీ కుర్చీలకి ఇప్పటికే ఆ నష్టం జరిగి ఉండొచ్చు.

సరైన పద్ధతి: మూలపట్టీలు, మేకులు తీసేయాలి. కీలుని పూర్తిగా విడదీయాలి. నాలుక మీదా బెజ్జం లోపలా ఉన్న పాత జిగురుని చెక్క కనబడేదాకా గీకాలి. పాత ఫెవికాల్ మీద కొత్త ఫెవికాల్ అంటుకోదు. మళ్ళీ మళ్ళీ ఊడటానికి తొంభై పాళ్ళు ఇదే కారణం. నాలుక వదులుగా ఉంటే దాని మీద పలుచని టేకు పొర అతికించి, బెజ్జంలోకి చేత్తో నెట్టితే దిగేంత బిగువుకి తేవాలి. సుత్తితో కొడితే తప్ప దిగకపోతే బిగువు ఎక్కువైనట్టు, జిగురంతా బయటికి వచ్చేస్తుంది. అతికించాక కోళ్ళ చుట్టూ తాడు రెండు చుట్లు చుట్టి, మధ్యలో కర్ర పెట్టి మెలితిప్పి 24 గంటలు బిగించి ఉంచండి. కుర్చీని చదునైన నేల మీద నిలబెట్టే బిగించాలి. లేకపోతే ఒక కాలు లేచిపోయి ఆరుతుంది.

కీలు బాగుండి, వెనక కోడే వంపు దగ్గర విరిగితే అది కోత తప్పు. వంపు తిరిగిన కోడుని తిన్నని పలకలోంచి అడ్డదిడ్డంగా కోస్తే చెక్క నార వంపు దగ్గర తెగిపోతుంది, అక్కడ బలం ఉండదు. కొత్తవి చేయించేటప్పుడు నార కోడు పొడవునా సాగేలా కోయమని మేస్త్రికి చెప్పండి. కంప్యూటర్ మిషన్ మీద చెక్కిన ఎండీఎఫ్ (చెక్కపొట్టుని జిగురుతో నొక్కి చేసిన పలక) వీపుల గురించి ఇంకొందరు అడిగారు. చట్రంలో బిగించిన పలకగా అయితే పరవాలేదు. దాని అంచుకి స్క్రూలు కొట్టి వీపుని నిలబెడితే ఏడాది తిరగదు.

ప్రశ్న: ఏటికొప్పాక లక్క పని చేసిన రంగు కడ్డీలు వీపులో పెట్టించుకోవాలని ఉంది. నిలుస్తాయా? (అనకాపల్లి పాఠకురాలు)

మంచి ఆలోచన, ఒక షరతు మీద. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో బొమ్మలకి వాడేది అంకుడు కర్ర. మెత్తగా, సన్నని నారతో ఉంటుంది. లేత్ మీద తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పూతలా పరుచుకుంటుంది. రంగు ఎంతో నిండుగా వస్తుంది. ఆ మెత్తని కర్రే బరువు మోయమంటే మొరాయిస్తుంది. అందుకని కోళ్ళు, పై పట్టీ, కింది పట్టీ టేకువే కావాలి. పైపట్టీ బరువుని కోళ్ళే మోయాలి, కడ్డీలు రెండు పట్టీల మధ్య నిలబడే అలంకారం మాత్రమే.

కోళ్ళ మధ్య లోపలి వెడల్పు 15 అంగుళాలనుకోండి. ముప్పావు అంగుళం కడ్డీలు ఐదు పెడితే సందు ఒక్కోటి రెండంగుళాలకి ఇంచుమించు. ఆరు పెడితే సందు అంగుళమున్నర. ఆరే పెట్టించండి. బేసి సంఖ్య అయితే నడిమి కడ్డీ సరిగ్గా వెన్నెముక మీద పడుతుంది. సరిసంఖ్య అయితే అక్కడ సందు వస్తుంది, వీపుకి హాయి. బొద్దుగా ఉండే పూసలు, ముడులు కడ్డీ పై మూడో వంతులో ఉండాలి, నడుము ఆనే చోట నున్నగా వదిలేయాలి. కడ్డీ రెండు కొసలూ అరంగుళం మందంతో, ముప్పావు అంగుళం లోతు బెజ్జాల్లో దిగాలి. ఆ కొసలకి లక్క ఉండకూడదు, లక్క మీద జిగురు పట్టదు. లేత్ పనివారికి ఇది ముందే చెప్పండి, తర్వాత గీకిస్తే రంగు పెచ్చులూడుతుంది. కింది పట్టీ పలకకి ఆనకుండా రెండంగుళాలు పైకి ఉంటే మెతుకులు, దుమ్ము తుడవడానికి వీలు.

పాలిష్ క్రమం కూడా గుర్తుంచుకోండి. మామూలు ఫ్రెంచ్ పాలిష్‌లో స్పిరిట్ ఉంటుంది, స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది. చట్రానికి పాలిష్ మొత్తం పూర్తయి, ఆరాకే కడ్డీలు బిగించాలి. శానిటైజర్ చేతులతో పట్టుకున్నా మచ్చ పడుతుంది. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర ఈ కుర్చీలు వేయకండి.

ప్రశ్న: తాతగారి కాలపు రోజ్‌వుడ్ కుర్చీ ఉంది. వీపు మధ్య పలకలో తెల్లని పూలతీగ పొదిగి, పూల మీద సన్నని నల్లగీతలున్నాయి. నాలుగైదు ముక్కలు ఊడిపోయాయి. ఏం పెట్టించాలి? అమ్మితే ఎంత వస్తుంది? (విశాఖపట్నం పాఠకుడు)

రెండో ప్రశ్నకి ముందు జవాబు. ఆ తెల్లముక్కలు ఏనుగు దంతమైతే అమ్మడం, కొనడం రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. పాతదని చెప్పి తప్పించుకోలేరు. కాబట్టి అదేమిటో ముందు తేల్చుకోవాలి. భూతద్దంతో చూడండి. చిన్న చిన్న నల్లచుక్కలు, సన్నని గాట్లు కనబడితే ఎముక. చుక్కలేమీ లేకుండా నున్నగా ఉండి, అడ్డకోత కనబడే చోట ఒకదాన్నొకటి దాటే సన్నని వంపుగీతలుంటే దంతం. ఏ గీతా చుక్కా లేకుండా ఒకే రంగులో ఉంటే ప్లాస్టిక్ కావచ్చు. సూది కాల్చి గుచ్చే పరీక్ష చేయకండి, ఏదైనా సరే పాడవుతుంది. దంతమని తేలితే అటవీ శాఖ కార్యాలయంలో అడిగి పత్రాల సంగతి చూసుకోండి.

మీ ఊళ్ళో ఇలాంటి కుర్చీ ఉండటంలో వింత లేదు. 18వ శతాబ్దంలో విశాఖ ఈ పనికి పేరున్న చోటు. ఇంగ్లీషు నమూనాల కుర్చీలు, పెట్టెలు రోజ్‌వుడ్‌తో చేసి, దంతం పొదిగి, దాని మీద గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. తూర్పిండియా కంపెనీ ఉద్యోగులు వాటిని ఇష్టంగా కొని ఇంగ్లండ్ తీసుకెళ్ళారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖ పని ఇప్పటికీ చూడొచ్చు. అలాగని మీ కుర్చీ ఆ కాలానిదేనని ఫొటో చూసి చెప్పలేం. ఆ పద్ధతి తర్వాత కూడా నడిచింది.

ముక్కలు ఎందుకు ఊడతాయంటే, చెక్క తేమకి అడ్డంగా ఉబ్బి, ఎండకి కుంచించుకుపోతుంది. తెల్లముక్క అలా కదలదు. ఏళ్ళ తరబడి ఈ లాగులాటకి కింద జంతుచర్మపు బంక విడిపోతుంది. విడిపోయి లేచి ఉన్న ముక్కల్ని పారేయకుండా అగ్గిపెట్టెలో దాచండి. అతికించడానికి ఆ చర్మపు బంకనే వేడి నీళ్ళ గిన్నెలో కరిగించి వాడించండి. ఎపాక్సీ, సూపర్‌గ్లూ వద్దు. మళ్ళీ ఊడితే ముక్కతోపాటు చెక్క పొరని కూడా పెకలించుకొస్తాయి. పోయిన చోట కొత్త దంతం పెట్టే ప్రసక్తే లేదు. గేదె ఎముకని అదే ఆకారంలో కోయించి పెట్టొచ్చు. అంత పని వద్దనుకుంటే తెల్లని మైనంలో రవ్వంత పసుపు మట్టిరంగు కలిపి నింపించండి. రేపు ఎవరైనా తీసేయాలన్నా సులువుగా వస్తుంది. కుర్చీ మొత్తాన్ని గరుకు కాగితంతో రుద్ది కొత్త పాలిష్ వేస్తామంటే ఒప్పుకోకండి. రుద్దితే ఆ నల్లగీతలు పోతాయి. అవి పోతే మిగిలేది తెల్లచుక్కలే.

ప్రశ్న: ఇక్కడ కొన్న రెడీమేడ్ కుర్చీల వీపు బూడిదరంగు బట్టతో ఉంది. ఇండియా నుంచి పోచంపల్లి ఇకత్ బట్ట తెప్పించి మార్చుకోవాలని ఉంది. ఎంత కొనాలి? (డాలస్‌లో ఉంటున్న పాఠకురాలు)

వీపు ఒక్కోటి 18 బై 16 అంగుళాలనుకుందాం. లోపలికి మడిచి బిగించడానికి చుట్టూ రెండేసి అంగుళాలు కలిపితే 22 బై 20. పన్నా 46 అంగుళాల బట్ట అయితే పక్కపక్కన రెండు ముక్కలొస్తాయి. ఆరు కుర్చీలకి మూడు వరసలు, 60 అంగుళాలు. డిజైన్ ప్రతి కుర్చీలో ఒకే చోట రావాలి కాబట్టి ఇంకో అడుగు అదనం, దగ్గర దగ్గర రెండు మీటర్లు. వెనక వైపుకి కూడా అదే బట్ట కావాలంటే నాలుగు. మాకైతే వెనక వైపు ఇకత్, ముందు వైపు సాదా రంగు నచ్చుతుంది. ముందు వైపు ఎలాగూ నూనె తలలు, తడి వీపులు ఆనతాయి. అలా చేస్తే రెండు మీటర్లతో పోతుంది.

చేనేత బట్టని కోయకముందే చల్లని నీళ్ళలో నానబెట్టి ఆరేయండి. కుదించుకుపోతుంది. అప్పుడు మళ్ళీ కొలవండి. పన్నా 44 కన్నా తగ్గితే పక్కపక్కన రెండు ముక్కలు రావు, లెక్కంతా మారిపోతుంది. అందుకే కొనేటప్పుడే 46 అని అడగడం. ఇకత్ డిజైన్ అంచులు సహజంగానే ఈకల్లా చెదిరి ఉంటాయి. అంచు చూసి కలపబోతే ఎప్పటికీ కలవదు. డిజైన్ నడిమి బిందువుకి సూది గుచ్చి, దాన్ని వీపు నడిమి గీత మీద పెట్టండి. పలుచని బట్ట అయితే వెనక ఇస్త్రీతో అంటుకునే లైనింగ్ వేయండి. లేకపోతే స్టేపుల్ దగ్గర నేత విడిపోతుంది.

బిగించే క్రమం: పైన మధ్యలో ఒకటి, కింద మధ్యలో ఒకటి, పక్కల ఒక్కోటి, తర్వాత మధ్య నుంచి మూలలకి. మూలలు ఆఖరున. చట్రం సన్నగా ఉంటే పావు అంగుళం స్టేపుల్సే వాడండి, పొడుగువి అవతలికి పొడుచుకొస్తాయి. స్పాంజి మార్చాల్సి వస్తే వీపుకి అంగుళం మందం, 28 లేదా 32 డెన్సిటీ చాలు. పాత బట్టని చింపేయకుండా జాగ్రత్తగా విప్పి, అదే కొలతగా పెట్టుకుని కొత్తది కోయండి.

ప్రశ్న: నిర్మల్ బొమ్మ వేయించిన వీపు పెట్టించుకోవచ్చా? (ఆదిలాబాద్ పాఠకుడు)

వెనక వైపు అయితే నిక్షేపంగా. ముందు వైపు చొక్కా గుండీలు, చీర జరీ రోజూ రాసుకుంటే బంగారు రంగు గీతలు ముందుగా చెరుగుతాయి. నిర్మల్ కొయ్యబొమ్మలకి వాడే పొణికి చెక్క మీద వేయించకండి. చాలా తేలిక, స్క్రూ పట్టదు. ఆరు మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ మీద వేయించి, టేకు చట్రంలో గాడి తీయించి దింపండి. గాడిలో జిగురు వేయొద్దు. నాలుగు సన్నని బీడింగ్ ముక్కలతో, చిన్న స్క్రూలతో పట్టి ఉంచితే బొమ్మ మాసినప్పుడు పలక ఒక్కటే తీసి నిర్మల్ పంపి బాగు చేయించుకోవచ్చు.